శనివారం నాటి బువ్వ

తెల్ల రక్తకణాలు వాటంతట అవి పెరగవు. పెరగమని ఎవరో ఒకరు చెప్పాలి. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడినప్పుడు కాపలా ఉన్న కణాలు ఒక చిన్న ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది ఎముకల లోపలి మూలుగలోకి చేరి, అక్కడ ఇంకా ఏమీ కాకుండా ఉన్న పసికణాలను తడుతుంది. తట్టిన కణం పెరుగుతుంది, రెండవుతుంది, నాలుగవుతుంది, చివరికి తెల్లకణమై రక్తంలోకి దిగుతుంది. తట్టేవాళ్ళు లేకపోతే ఆ పసికణం ఊరికే కూర్చోదు, చచ్చిపోతుంది. మీలాంటి పిల్లలు ఇదంతా కాలేజీలో చదువుకుని, పరీక్ష రాసి, మర్చిపోయి ఉంటారు. నేను యాభై దాటాక ఉద్యోగంలో పడి నేర్చుకున్నాను. అందుకే మర్చిపోలేదు.

అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా జీడిమెట్లలో యాంటీబయాటిక్ మందుల ఫ్యాక్టరీలో చేశాను. అక్కడ అంతా టన్నుల లెక్క, వాసన కూడా టన్నుల్లోనే ఉండేది. 2009లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో కొత్తగా పెట్టిన ఒక కంపెనీలో శుద్ధి విభాగానికి ఇన్‌చార్జిగా చేరాను. అక్కడ అన్నీ గ్రాముల్లోనే, ఒక్కోసారి గ్రాము లోపే. మొదటిసారి ఒక బ్యాచ్ మొత్తాన్ని చిన్న సీసాలో పట్టుకున్నప్పుడు, ఇంతమందిమి ఇన్ని రోజులు పనిచేసింది దీనికోసమా అని నాకు అనుమానం వచ్చింది.

ఆ సీసాలో ఉన్నది ఈ ప్రోటీనే. క్యాన్సర్‌కు ఇచ్చే మందులు చెడ్డ కణాలతోపాటు తెల్లకణాలనూ చంపేస్తాయి. అప్పుడు మామూలు జలుబు కూడా మనిషిని మంచాన పడేస్తుంది. ఈ ప్రోటీన్‌ను సూది ద్వారా ఇస్తే మూలుగ మళ్ళీ తెల్లకణాలను పెంచుతుంది. బాక్టీరియాతో ఆ ప్రోటీన్‌ను తయారు చేయించేది ఒక విభాగం. అందులోంచి చెత్తంతా తీసి, వడపోసి, ప్రోటీన్‌ను మాత్రమే మిగిల్చేది మా విభాగం. నా కింద షిఫ్టు చూసేవాడు ఒకతను ఉండేవాడు. శామీర్‌పేట వాడే. వాళ్ళ నాన్నకు కూరగాయల వ్యాపారం. బీఎస్సీ చదివాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. కంపెనీలో అందరూ అతన్ని భాయ్ అనే పిలిచేవారు, డైరెక్టర్లతో సహా. పని పర్మనెంటువాళ్ళదే గానీ కాగితం మీద మాత్రం కాంట్రాక్టు మనిషి. మా విభాగంలో నేను తప్ప మిగతా అందరూ కాంట్రాక్టే.

మా సరుకు బాగుందో లేదో తేల్చేది సెల్ రూం, అంటే కణాలు పెంచే గది. ప్రోటీన్ ఎంత ఉందో తూకం చెబుతుంది. కానీ అది పనిచేస్తుందో లేదో తూకానికి తెలియదు. దానికి ప్రాణమున్న సాక్షి కావాలి. ఎలుక నుంచి ఎప్పుడో తీసి, తరతరాలుగా సీసాల్లో పెంచుతున్న ఒకరకం రక్తకణాలు ఆ సాక్షులు. వాటి ప్రత్యేకత ఏమిటంటే, మేము చేసే ఈ ప్రోటీన్ ఇస్తేనే బతుకుతాయి. గుంటలున్న పళ్ళెంలో ఒక్కో గుంటలో కొంచెం కొంచెం తగ్గిస్తూ మా మందు వేసి, వాటి మీద ఈ కణాలను వేస్తారు. రెండు రోజులయ్యాక రంగు పోస్తారు. కణాలు ఎక్కువ పెరిగినచోట రంగు ముదురుగా వస్తుంది. మందు మంచిదైతే ముదురు నుంచి లేతకు రంగు మెట్లు దిగినట్టు దిగాలి. పక్కన బయటి నుంచి తెప్పించిన నమూనా మందు కూడా వేసి రెంటినీ పోల్చి చూస్తారు.

ఆ సాక్షులను సాకే ఆవిడది మేడ్చల్ పక్కనున్న అత్వెల్లి. నలభైకి దగ్గర్లో ఉండేది. చాలా ఏళ్ళు ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేసి వచ్చింది. ఆమె కూడా కాంట్రాక్టే. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు సెల్ రూం, ఇంతే ఆమె లోకం. అందరికీ ఆమె అక్క. ఆ గదిలోకి పోవాలంటే టోపీ, మాస్కు, గ్లవ్స్, బూట్లకు తొడుగులు వేసుకోవాలి, కాబట్టి ఆమె ముఖం మేము చూసింది ఎక్కువగా క్యాంటీన్లోనే. కణాలకు వేసే ఆహారాన్ని మిగతా ల్యాబు వాళ్ళు ఫీడ్ అనేవారు. ఆమె బువ్వ అనేది. "ఆగుండ్రి సార్, పిల్లలకు బువ్వ పెట్టి వస్త" అని టీ మధ్యలో లేచిపోయేది. ఆ బువ్వలో అసలు ముఖ్యమైనది మా ప్రోటీనే. రోజూ కొద్దిగా వేస్తేనే అవి బతికుండేవి.

మొదటి ఏడాది అంతా సాఫీగా నడిచింది. మా బ్యాచ్‌లు పాసయ్యాయి, బోర్డు మీద మా విభాగం పేరు పైన రాశారు. రెండో ఏడాది మధ్యలో మొదలైంది తంటా. మా బ్యాచ్ తూకంలో బాగుండేది, శుద్ధిలో బాగుండేది, సెల్ రూంకు పోయేసరికి నీరసపడేది. రంగు మెట్లు మెట్లుగా దిగడం మానేసి, అంతటా ఒకేలా పాలిపోయి వచ్చేది. అలా చదునుగా వచ్చిన ఫలితంలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కలో సగానికి సగం తేడాగా కనిపిస్తుంది. ఎక్కువసార్లు మా మందు సగం పనికే వస్తుందని తేలేది. నమూనా మందు కూడా కాస్త నీరసంగానే పలికేది గానీ, అది విదేశం నుంచి సీలువేసి వచ్చింది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించలేదు. పాతబడి ఉంటుందిలే అన్నారు. మమ్మల్ని మాత్రం పాతబడ్డారని సరిపెట్టుకోలేదు.

ఫెయిలైన బ్యాచ్‌ను పారేసే పద్ధతి కూడా మా చేతుల మీదుగానే జరిగేది. కాస్టిక్ సోడా కలిపి, మరగబెట్టి, డ్రైనేజీలోకి వదలాలి. ఒకటి వదిలాం. రెండోది వదిలాం. మూడోది వదిలేటప్పుడు భాయ్ మాస్కు కిందికి లాగి నావైపు చూశాడు.

"సార్, మన ఫిల్టర్లు మంచిగనే ఉన్నయ్. ప్రోటీన్ పట్టే కాలమ్ గొట్టం గూడ మంచిగనే ఉంది. ఇగ ఏం జేద్దాం చెప్పుండ్రి. నిజామొద్దీన్ దర్గాకు పోయి చాదర్ కప్పి వద్దామా?"

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ఉదయమే క్వాలిటీ విభాగం పెద్దాయన నన్ను పిలిచి చెప్పేశాడు. ఆయన కొంపల్లిలో విల్లాలో ఉండేవాడు, కారులో వచ్చేవాడు, మృదువుగా మాట్లాడేవాడు. కంపెనీలో ఖర్చులు తగ్గించే బాధ్యత కూడా ఆయనదే.

"ఇంకొక్క బ్యాచ్ చూస్తానండి. అది కూడా పోతే శుద్ధి విభాగాన్ని మూసేసి, శుద్ధిచేసిన ప్రోటీన్ బయట నుంచే కొందామని పైవాళ్ళు అంటున్నారు. మీ పర్మనెంటు ఉద్యోగానికి ఏమీ కాదు. మిమ్మల్ని స్టోర్స్‌లో సర్దుతాం. మిగతావాళ్ళ సంగతే..."

మిగతా వాక్యం ఆయన పూర్తి చేయలేదు. మిగతావాళ్ళంటే భాయ్, అతని కింద పనిచేసే కుర్రాళ్ళు. భాయ్‌కి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది మేడ్చల్‌లో ఇంటర్‌లో చేరింది. ఈ మాట నేను అతనికి చెప్పకుండా దాచలేదు. చెప్పాను. అతను "అయితే గీ బ్యాచ్ మస్తు జేద్దాం సార్" అన్నాడు. అంతే. ఆ బ్యాచ్‌కు మేము పడిన శ్రమ గురించి చెప్పను, మామూలుగా ఎలా చేస్తామో అలాగే చేశాం. అంతకుముందు కూడా బాగానే చేశాం కాబట్టి కొత్తగా చేయడానికి ఏమీ లేదు. అదే అసలు బాధ.

పరీక్షలు ఎప్పుడూ సోమవారమే పెట్టేవారు, నాలుగో బ్యాచ్‌ది కూడా సోమవారమే పెట్టాలి. అంతకుముందు శనివారం బంద్ వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోజులు అవి, బంద్‌లు మాకు అలవాటే. కానీ ఆ శనివారం బంద్ గట్టిగా జరిగింది. కరీంనగర్ రోడ్డు మీద టైర్లు కాలాయి, మేడ్చల్ వైపు ఆటో కూడా కదలలేదు. కంపెనీలో గేటు దగ్గర సెక్యూరిటీ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది.

"సార్, మీకు బండి ఉంది గద, ఎట్లన్న పోగలరా? పిల్లలకు నిన్న పొద్దుగాల పెట్టిన బువ్వనే. రేపు ఐతారం. సోమారం దాంక ఉండయ్ సార్, చస్తయ్."

"నేను పోయినా సెల్ రూంలో నన్నెవరు రానిస్తారమ్మా? నాకు ఆ పని రాదు కూడా."

"నేను ఫోన్ల చెప్త సార్, మీరు జేయుండ్రి."

పోదామనే బయలుదేరాను. మా ఊరి పొలిమేర దాటగానే బంద్ చేయించేవాళ్ళు నా స్కూటర్‌ను ఆపేశారు. వాళ్ళల్లో ఒకడు నాకు తెలిసినవాడే, మా పక్కవీధి వాడు. "అంకుల్, ఇయ్యాల కూడా నౌకరికేనా?" అని స్కూటర్ తాళం తీసి జేబులో వేసుకుని, సాయంత్రం ఇంటికి తెచ్చిచ్చాడు. తెచ్చిచ్చేటప్పుడు మా ఆవిడ ఇచ్చిన టీ తాగాడు.

సోమవారం పొద్దున అక్క సూక్ష్మదర్శినిలో చూసి బయటికి వచ్చి క్యాంటీన్లో కూలబడింది. కణాల్లో చాలావరకు చచ్చిపోయాయి. మిగిలినవి ముడుచుకుపోయి ఉన్నాయి. వాటిని పారేసి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచిన కొత్తవాటిని తీసి పెంచాలంటే రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులు ఆగడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. బుధవారం యజమాని వస్తున్నాడు, ఫలితం ఆయన ముందు పెట్టాలి. మిగిలిన కణాలతోనే పరీక్ష పెట్టమన్నాడు. మాకు అర్థమైంది. ఎలాగూ ఫెయిలవుతుంది, ఆ సంగతి యజమాని ముందు తొందరగా తేలిపోతే ఆయనకూ ఒక తలనొప్పి వదులుతుంది. నేను ఆయన్ను తప్పుపట్టను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే ఆలోచించేవాణ్ణి.

బుధవారం ఉదయం అక్క ఆ పళ్ళేన్ని గాజు అద్దం అవతల నుంచి మాకు ఎత్తి చూపించింది. ఒక చివర ముదురు రంగు, అక్కడి నుంచి గుంట గుంటకూ లేతబడుతూ, చివర తేటగా ఉంది. ఏడాదిన్నరగా అలాంటి పళ్ళెం చూడలేదు. లెక్కేస్తే మా మందు నమూనా మందుతో సమానంగా ఉంది. భాయ్ నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఏం కలిపారండీ ఇందులో?"

ఫెయిలైనప్పుడు మాదే తప్పు, పాసైనప్పుడు మాదే మోసం. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను గానీ భాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు యజమాని వచ్చాడు, చూశాడు, సందేహం తీరేదాకా ఎటూ తేల్చవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. మా పరిస్థితి మింగలేక కక్కలేక అన్నట్టయింది.

ఆ సాయంత్రం క్యాంటీన్లో ముగ్గురం కూర్చున్నాం. ఈసారి ఏం తేడా జరిగిందమ్మా అని అక్కను అడిగాను.

"ఏం లేదు సార్. అన్నీ రోజటి లెక్కనే జేసిన. పస్తున్నయి, గంతే."

"మామూలు శనివారాల్లో పస్తుండవా?"

"ఎట్లుంచుత సార్? ఇంతకుముందు ఐతారం కూడ కంపెనీ బండి పంపుతుండె. చర్చి అయినంక వచ్చి, బువ్వ పెట్టి, పోతుంటి. బండి బంద్ జేసిన్రు గద. అందుకే శనారం సాయంత్రం పోయేటప్పుడు రెండు మూడింతలు ఎక్కువేసి పోతున్న. సోమారం దాంక కడుపు నిండుగ ఉంటయని."

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కడుపు నిండినోని ముందల బిర్యాని పెడితే ఏం మెచ్చుకుంటడు అక్కా?"

అతను వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం అప్పుడు ఒకటి గుర్తుకొచ్చింది. కంపెనీ మొదట్లో యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి మాకు క్లాసు చెప్పాడు. భోజనం తర్వాత పెట్టారు కాబట్టి సగం మంది కునికిపాట్లు పడ్డారు. నేను ఎందుకో మెలకువగా ఉన్నాను. ఆయన చెప్పింది ఇదీ. కణం ఒంటి మీద ఈ ప్రోటీన్ వచ్చి అతుక్కునే చోట్లు కొన్ని ఉంటాయి. అతుక్కోగానే కణం ఆ చోటును ప్రోటీన్‌తో సహా లోపలికి లాక్కుని అరిగించేసుకుంటుంది. మళ్ళీ కొత్తది తయారై పైకి రావడానికి సమయం కావాలి. ఒంట్లో ఇది మంచికే. పెరిగిన తెల్లకణాలే ఆ ప్రోటీన్‌ను తిని తగ్గించేస్తాయి కాబట్టి, జబ్బు తగ్గాక పెరుగుదల దానంతటదే ఆగుతుంది. లేకపోతే రక్తం నిండా తెల్లకణాలే అయిపోయి మనిషి ఇంకోరకంగా పోతాడు. కానీ బయట ప్రోటీన్ పొంగిపొర్లుతూ ఉంటే కణం మీద అతుక్కునే చోట్లే మిగలవు. అప్పుడు ఎవరు తట్టినా దానికి తెలియదు.

ఇదంతా వాళ్ళిద్దరికీ నాకొచ్చిన మాటల్లో చెప్పాను. పరీక్షకు ముందు కణాలను కడిగి కొన్ని గంటలు పస్తుంచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కానీ శనివారం నుంచి విందు తిన్న కణాలకు ఆ కొన్ని గంటలు ఏ మూలకు? అక్క నా మాటలన్నీ విని, టేబుల్ మీది చెమ్మను వేలితో రుద్దింది.

"అయితే మందు మంచిదే. నేను బువ్వ ఎక్కువ పెట్టుడే తప్పయింది" అంది.

"ఇంకా తేలలేదమ్మా. తేల్చుకుందాం."

తేల్చుకోవడం తేలికే. ఒకే సీసా కణాలను రెండు భాగాలు చేసి, ఒకదానికి శనివారం లెక్కన మెండుగా పెట్టింది, రెండోదానికి రోజూ పెట్టినంతే పెట్టి తర్వాత బాగా ఆకలిగొనేదాకా ఉంచింది. ఒకే మందు, ఒకే రోజు, రెండు పళ్ళేలు. పెద్దాయన్ను కూడా పక్కన నిలబెట్టుకునే చేసింది. మెండుగా తిన్నవాటి పళ్ళెం చదునుగా, పాలిపోయి వచ్చింది. ఆకలిగా ఉన్నవాటిది మెట్లు మెట్లుగా దిగింది. అప్పుడు ఫ్రిజ్‌లో దాచి ఉంచిన పాత బ్యాచ్‌ల నమూనాలు తీయించాను. కాస్టిక్ కలిపి మరగబెట్టి డ్రైనేజీలో వదిలేసిన ఆ మూడు బ్యాచ్‌లవీ. మూడూ పాసయ్యాయి. ఒకటి తక్కువ కాదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. నేను తొందరగా ఏడ్చే మనిషిని కాను. మంచి మందును నా చేతులతో కాలువలో పోశానే అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

విభాగం నిలబడింది. కథ ఇక్కడితో అయిపోతే నేను రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మందుల కంపెనీల్లో ఏది తప్పినా కారణం రాసి, సంబంధించినవాళ్ళ సంతకాలు తీసుకుని, ఆ తర్వాతే ముందుకు పోవాలి. కారణం రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి మనిషి తప్పు. అలా రాస్తే ఆ మనిషిని తీసేసి, ఇంకొకరికి శిక్షణ ఇచ్చామని చూపించి, వారంలో పని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రెండోది పద్ధతిలో తప్పు. అలా రాస్తే పరీక్ష పద్ధతినంతా మొదటి నుంచి మళ్ళీ రుజువు చేయాలి. నెలల తరబడి పడుతుంది. అది తేలేదాకా మా విభాగానికి పని ఉండదు. పని లేకపోతే కాంట్రాక్టు వాళ్ళకు జీతం ఉండదు.

పెద్దాయన కాగితం మీద మనిషి తప్పు అనే రాయించుకొచ్చాడు. గదిలో నేను, భాయ్, అక్క ఉన్నాం.

"ఆవిడ కావాలని చేశారని ఎవరూ అనడం లేదు. పద్ధతిలో సరిపడినంత ఆహారం వేయాలని ఉంది. ఆవిడ ఎక్కువ వేశారు. అంతే రాశాం. మీ విభాగం వచ్చే సోమవారమే మొదలుపెట్టుకోవచ్చు" అని కాగితం మా ముందుకు జరిపాడు.

అక్క పెన్ను తీసింది. ఆమె ముఖంలో ఏమీ లేదు. "నేనే పెట్టిన సార్. పెడత సంతకం" అంది.

నేను ఆపాను. సరిపడినంత అంటే ఎంతో మీ పద్ధతిలో రాసి లేదు, ఆదివారం సంగతి అసలే రాసి లేదు, ఇది పద్ధతి తప్పు, నేను సంతకం పెట్టను అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ తర్వాత చాలామంది నన్ను మెచ్చుకున్నారు. పెద్దాయన నన్ను వదిలి భాయ్ వైపు తిరిగాడు. ఇన్‌చార్జి ఒప్పుకోకపోయినా షిఫ్టు చూసేవాడి సంతకం ఉంటే కాగితం నడుస్తుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"మీకు తెలుసు కదా, నెలల తరబడి ఆగితే ఎవరికి నష్టమో" అన్నాడు మెత్తగా.

భాయ్ కాగితం తీసుకుని మొత్తం చదివాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు.

"సార్, ఒక మాట. ఇండ్ల అక్క బువ్వ ఎక్కువ పెట్టిందని రాసిన్రు. ఐతారం బండి ఎవరు బంద్ జేసిన్రో రాయలే."

బండి ఆపించింది పెద్దాయనే.

"అది ఖర్చుల విషయం. దీనికి సంబంధం లేదు."

"బండి వస్తే ఆమె ఐతారం వచ్చి పెడతుండె. బండి రాకనే శనారం పెట్టింది. ఆమె బతికియ్యకపోతే మీకు పరీక్ష జేస్తందుకు సెల్లే ఉండకపోతుండె. గీ రెండు ముక్కలు కూడ రాయుండ్రి సార్, జల్దీ సంతకం పెడ్త."

ఆయన రాయలేదు. భాయ్ పెట్టలేదు. చివరికి పద్ధతి తప్పు అనే రాశారు.

గది బయటికి వచ్చాక అక్క అతని మీద కోప్పడింది. "నీకేం అవసరం భాయ్? నీకు ఆడపిల్లలున్నరు. నేనొక్కదాన్ని, ఎట్లనో బతుకుత."

"పొద్దుగాల గేటు కాడ రోజు నిన్ను సూడాలె గద అక్కా" అన్నాడు అతను. "నువ్వు లేకుంటే నువ్వు నిలబడే జాగ సూడాలె. గా పని నాతోని కాదు."

పద్ధతిని మళ్ళీ రుజువు చేయడం వానాకాలంలో మొదలై చలికాలం దాకా సాగింది. మా విభాగానికి తాళం వేశారు. నన్ను చెప్పినట్టే స్టోర్స్‌లో సర్దారు. నా జీతం ఒక్కరోజు కూడా ఆగలేదు. భాయ్‌నీ కుర్రాళ్ళనూ మళ్ళీ పిలుస్తామని చెప్పి పంపేశారు. విభాగం తిరిగి తెరిచేసరికి కాంట్రాక్టరు మారాడు. పాతవాళ్ళలో కుర్రాళ్ళందర్నీ తీసుకున్నాడు. భాయ్ ఒక్కడి పేరే లేదు. ఎందుకు లేదని నేను రెండుసార్లు అడిగాను. కాంట్రాక్టరు కంపెనీని అడగమన్నాడు, కంపెనీ కాంట్రాక్టరును అడగమంది. మూడోసారి నేను అడగలేదు.

అతను కీసర దగ్గర తాగునీటి ప్లాంటు పెట్టుకున్నాడు. వడపోత అతనికి వచ్చిన విద్య. మొదటి ఏడాది చాలా కష్టపడ్డాడని విన్నాను. పెద్దమ్మాయి చదువు ఒక ఏడాది ఆగింది. నేను ఒకసారి వెళ్తే చల్లటి నీళ్ళు ఇచ్చి, ప్లాంటంతా తిప్పి చూపించి, కంపెనీ ఊసు తప్ప అన్నీ మాట్లాడాడు.

ఇటు మా మందు అన్ని మెట్లూ దాటి బజారులోకి వచ్చింది. ఆదివారం బండి మళ్ళీ నడిచింది. పద్ధతిలో కణాలకు ఏ రోజు ఎంత బువ్వ వేయాలో, పరీక్షకు ముందు ఎంతసేపు పస్తుంచాలో స్పష్టంగా రాశారు. అక్కను పర్మనెంటు చేశారు, తర్వాత సెల్ రూంకు ఇన్‌చార్జి అయింది. ఈ మంచి అంతా జరిగిందని కూడా చెప్పాలి కదా.

2014లో నేను రిటైరయ్యాను. క్యాంటీన్లోనే సభ పెట్టారు. మెడలో దండ, భుజాన శాలువా. పెద్దాయన మంచి ఉపన్యాసం ఇచ్చాడు. విభాగం మూతపడబోతే నిలబెట్టిన మనిషని, తోటి ఉద్యోగిని మీద నింద పడకుండా ధైర్యంగా ఎదురునిలిచిన మనిషని నన్ను పొగిడాడు. ఆయనకు ఆ రోజు ఎదురునిలిచింది తనకేనని గుర్తుందో లేదో నేను చెప్పలేను. కొత్తగా చేరిన పిల్లలు నావైపు గౌరవంగా చూశారు. నాకు బాగానే అనిపించింది. అబద్ధమెందుకు, చాలా బాగా అనిపించింది.

తర్వాత అక్కను మాట్లాడమన్నారు. ఆమె మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"సార్ మంచోడు. సార్ అంటే నాకు మా అన్న లెక్క. గప్పుడు సార్ సంతకం పెట్టలే, నిజమే. కని సార్ పెట్టకున్నా సార్ నౌకరి పోయేది కాదు. సార్‌కు గా సంగతి ఎరుకే. సార్, తప్పుగ అనుకోకుండ్రి. నా నౌకరి నిలబడ్డది ఇంకొకాయన నౌకరి పణంగ పెట్టి. ఆయన ఈడ లేడు. ఆయన పేరు గూడ ఇయ్యాల ఎవ్వరు తియ్యలే. గందుకే నేను చెప్తున్న, మన భాయ్ అని."

అని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. శాలువా కింద నాకు చెమటలు పట్టాయి. పెద్దాయన తల వంచుకుని కప్పులోకి చూస్తున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

మొదట కొట్టింది నేనే.